ఈ నిశ్శబ్దాన్ని ఏ ఊళ్లో కొలిచారు?

ల్యాప్‌టాప్ కొనడానికి కోడుమూరు నుంచి కర్నూలు బస్సెక్కే కుర్రాడికి షాపులో ఏం అడగాలో బాగా తెలుసు. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏ తరం, ఎస్ఎస్‌డీ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు, ఈఎంఐ ఎన్ని నెలలు. నాలుగు వీడియోలు చూసుకొని మరీ వెళ్తాడు. ఒక్క ప్రశ్న మాత్రం అడగడు. ఎవరైనా అడిగితే ఏమవుతుందో ఈమధ్య ఓ షాపులో నా చెవులారా విన్నాను.

“అన్నా, ఇది సౌండ్ ఎంత చేస్తాది?”

“సౌండ్‌కేం తమ్ముడూ, సూపర్‌గా ఉంటాది. రెండు స్పీకర్లు. పాట పెట్టి చూపియ్యాల్నా?”

కుర్రాడు అడిగింది లోపలి ఫ్యాన్ చప్పుడు సంగతి. షాపాయనకు ఆ ప్రశ్నే కొత్త. ఆయన్ని తప్పు పట్టలేం. డబ్బా మీద బరువు రాసుంటుంది, వోల్టేజీ రాసుంటుంది, ఎమ్మార్పీ రాసుంటుంది. చప్పుడు ఎంతన్నది ఎక్కడా ఉండదు. రాయని అంకెను ఆయన మాత్రం ఎక్కణ్నుంచి తెచ్చి చెప్తాడు?

“ఊళ్లో మైకులు, ఆటోలు, జనరేటర్లు. వీటి మధ్య కంప్యూటర్ చప్పుడు ఒక లెక్కా?” అంటారు కొందరు. మైకు జాతర అయిపోగానే ఆగుతుంది. ఆటో వీధి మలుపు తిరగ్గానే పోతుంది. కంప్యూటర్ ఫ్యాన్ చెవికి రెండడుగుల దూరంలో రోజూ ఎనిమిది గంటలు తిరుగుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. ల్యాప్‌టాప్‌లో మైకూ ఫ్యానూ ఒకే పెట్టెలో జానెడు దూరంలో ఉంటాయి. ఇంట్లో కూర్చొని ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇస్తున్న అమ్మాయి గొంతుతో పాటు ఆ హోరు కూడా అవతలికి పోతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని వడగడుతుంది, నిజమే. అయితే ఫ్యాన్ హోరుకు దగ్గరగా వినిపించే అక్షరాలు మన భాషలో చాలా ఉన్నాయి. స, శ, ష, ఫ అన్నీ గాలి ఊదే అక్షరాలే. హోరును కోసేటప్పుడు వాటి అంచులు కూడా తెగుతాయి. అవతలి మనిషికి మాట నలిగి వినిపిస్తుంది. “కెన్ యూ రిపీట్?” అని మూడోసారి అడిగేసరికి మన పిల్లలు తమ ఇంగ్లిష్ బాలేదేమోనని కుంగిపోతారు. చాలాసార్లు తప్పు ఇంగ్లిష్‌ది కాదు.

అందుకే కంప్యూటర్ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందన్నది గొప్పింటి ముచ్చట అని నేననుకోను. చిన్న ఊళ్లో, చిన్న గదిలో, తలుపు వేసుకొని పనిచేసే వీలు లేని వాళ్లకే అది ఎక్కువ అవసరం. దాన్ని కొలవడం నేర్చుకోవాలి, కొలిచిన అంకెను అమ్మేవాళ్ల దగ్గర అడగాలి. ఆ అంకె మన ఎండకు సరిపోతుందా అన్నది కూడా అడగాలి. చివరిదాని దగ్గరికి వద్దాం. ముందు అంకె సంగతి.

ఉల్లి నలభై అంటే?

మార్కెట్ యార్డులో ఎవరైనా “ఉల్లి నలభై” అంటే వెంటనే అడుగుతాం: కిలోనా, బస్తానా? ప్రకటనల్లో “కేవలం 28 డెసిబెల్స్” అని చూసినప్పుడు మాత్రం అడగం. ఎంత దూరంలో? ఖాళీగా ఉన్నప్పుడా, పనిచేస్తున్నప్పుడా? గది ఎలాంటిది?

డెసిబెల్ అంటే మీటరు, కిలో లాంటి కొలత కాదు. నిష్పత్తి. ఆరోగ్యంగా ఉన్న చెవి పట్టుకోగల అతి చిన్న శబ్దం దగ్గర, అంటే 20 మైక్రోపాస్కల్స్ ఒత్తిడి దగ్గర, సున్నా పెట్టుకున్నారు. అక్కడి నుంచి 10 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లు. చెవికి మాత్రం దాదాపు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. ఒక ఫ్యాన్ 30 అయితే, అలాంటివి రెండు కలిస్తే 60 కాదు, 33. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 తగ్గుతుంది. మీటరు దూరంలో 30 ఉన్నది రెండు మీటర్ల దగ్గర 24. అంటే దూరం చెప్పకుండా అంకె చెప్పేవాడు కిలో చెప్పకుండా ధర చెప్పినట్టే.

ఇందులో ఇంకో మెలిక. యంత్రం మొత్తంగా వదిలే శబ్దశక్తి వేరు, మన చెవి దగ్గరకు చేరే శబ్దపు ఒత్తిడి వేరు. 9 వాట్ల బల్బు ఎక్కడ పెట్టినా 9 వాట్లే. మీ పుస్తకం మీద ఎంత వెలుగు పడుతుందన్నది మాత్రం బల్బు ఎంత దూరంలో ఉంది, గోడలకు ఏ రంగుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కంప్యూటర్లు, ప్రింటర్ల చప్పుడు కొలవడానికి ఐఎస్ఓ 7779 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ కొలతను ఎలా ప్రకటించాలో ఐఎస్ఓ 9296 చెప్తుంది. ఒకే యంత్రానికి ‘శక్తి’ అంకె 38 వస్తే, మీటరు దూరంలో ‘ఒత్తిడి’ అంకె 30 దగ్గర రావచ్చు. రెండూ నిజాలే. ప్రకటన రాసేవాళ్లు ఏది ఎంచుకుంటారో నేను చెప్పాలా?

గదిని కూడా మర్చిపోకూడదు. మన ఇళ్లలో బేతంచెర్ల బండలు, సిమెంటు గోడలు, పైన శ్లాబు. పరుపు, కర్టెన్లు, పుస్తకాల అలమర ఉన్న గదిలో కొంత శబ్దం వాటిలో ఇంకిపోతుంది. బండల గదిలో గోడకు తగిలి మళ్లీ మన దగ్గరకే వస్తుంది. అదే యంత్రం అక్కడ కొన్ని డెసిబెల్స్ ఎక్కువగా వినిపిస్తుంది. గోల్కొండ కోట గుమ్మం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడటం మనకు వింత. రాతి కట్టడం శబ్దాన్ని తినకుండా తిప్పి పంపుతుందన్న ఆ పాఠమే మన నట్టింట్లోనూ పనిచేస్తోంది.

జనరేటర్‌కున్న మర్యాద

మన దేశంలో శబ్దానికి సరైన అంకెలు లేవా అంటే, ఉన్నాయి. బాగా రాసినవే ఉన్నాయి. బజార్లో షాపుల ముందు పెట్టే డీజిల్ జనరేటర్‌ను చూడండి. 1000 కేవీఏ దాకా ఉన్న సెట్లకు పెట్టిన పరిమితి డబ్బా అంచు నుంచి 1 మీటరు దూరంలో 75 డెసిబెల్స్. టపాకాయకు పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125. రెండింటిలోనూ దూరం ఉంది చూశారా? 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో ఇళ్లుండే ప్రాంతానికి పగలు 55, రాత్రి 45. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 అని గడియారంతో సహా రాశారు.

కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఆ మర్యాద లేదు. ల్యాప్‌టాప్‌లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది చూసేది షాక్ కొట్టకుండా, మంట రాకుండా ఉండే భద్రతను. చప్పుడు దాని పని కాదు. జర్మనీ ‘బ్లూ ఏంజెల్’ గుర్తు, స్వీడన్ ‘టీసీఓ’ గుర్తు కావాలంటే కంపెనీ శబ్దం అంకె కూడా చూపించాలి. అవే కంపెనీలు మన దగ్గరా అమ్ముతున్నాయి. అక్కడ కొలిచిన అంకెను ఇక్కడి డబ్బా మీద అచ్చు వెయ్యడానికి సిరా ఖర్చు తప్ప ఏముంది?

అచ్చు వేసినా నాకో అనుమానం మిగులుతుంది. ఈ వ్యాసం అసలు దాని కోసమే.

25 డిగ్రీల గది, 42 డిగ్రీల ఊరు

కంప్యూటర్ చప్పుడుకు మూలం వేడి. ప్రాసెసర్ కాలుతుంది, ఆ వేడిని బయటికి తోయడానికి ఫ్యాన్ తిరుగుతుంది, ఫ్యాన్ తిరిగితే గాలి హోరెత్తుతుంది. ప్రయోగశాలలో కొలిచేటప్పుడు గది 23 డిగ్రీలో, 25 డిగ్రీలో ఉంటుంది. కోడుమూరులో మే నెల మధ్యాహ్నం 42 మామూలే. శ్లాబు కింద గదిలో ఇంకాస్త ఎక్కువే.

ఓ చిన్న లెక్క వేద్దాం, ఇంటర్ ఫిజిక్స్ చాలు. వేడిని లాగే లోహపు రేకులను, అంటే హీట్ సింక్‌ను, 70 డిగ్రీల దగ్గర నిలపాలనుకోండి. బయటి గాలి 25 అయితే మధ్యలో తేడా 45. గాలి 42 అయితే తేడా 28 మాత్రమే. గాలి మోసుకుపోయే వేడి ఈ తేడాను బట్టి ఉంటుంది. అంటే అంతే వేడిని తియ్యడానికి మన ఊళ్లో 1.6 రెట్లు గాలి కావాలి. గాలి కావాలంటే ఫ్యాన్ అన్ని రెట్లు వేగంగా తిరగాలి. ఫ్యాన్ల విషయంలో ఇంజినీర్లు వాడే మోటు సూత్రం ఒకటుంది: వేగం రెట్టింపైతే చప్పుడు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ లెక్కన 1.6 రెట్లకు పదికి కాస్త పైన.

పది డెసిబెల్స్. చెవికి రెట్టింపు. యంత్రం అదే, పని అదే, మారింది ఊరొక్కటే. ప్రయోగశాలలో 30 అని నిజాయితీగా కొలిచి రాసిన యంత్రం మా ఇంట్లో 40. కంపెనీ అబద్ధం చెప్పలేదు. దాని నిజం వేరే వాతావరణంలోది, అంతే.

దుమ్ము సంగతి కూడా చెప్పుకోవాలి. ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్న చోటు మనది. ఎండాకాలం పోయి గాలికాలం వచ్చిందంటే కిటికీ అంచున వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్మే హీట్ సింక్ రేకుల మధ్య పేరుకుంటే గాలికి దారి తగ్గుతుంది, ఫ్యాన్ ఇంకా గింజుకుంటుంది. నిశ్శబ్దం కోసం కొత్త యంత్రం కొనాలనుకునే ముందు పాతదాన్ని ఒకసారి శుభ్రం చేయించండి. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరక్కుండా పట్టుకోమనండి. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్పించండి. 2400 చుట్లు తిరిగే ఫ్యాన్ దీనివల్ల 1800కి దిగితే చాలు, ఆరు డెసిబెల్స్ పోయినట్టే. సీపీయూ పెట్టెల్లో ఇంకో దారి పెద్ద ఫ్యాన్. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ తెచ్చే గాలిని 80 మిల్లీమీటర్లది పరుగెత్తితే గానీ తేలేదు.

“అసలు ఫ్యానే లేనిది కొంటే?” అనొచ్చు. 2020 చివర్లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ లేదు. మన చేతిలో ఫోన్‌లోనూ లేదు. కానీ వేడి ఎక్కడికీ పోదు కదా. చల్లటి గదిలో అలాంటి యంత్రం హాయిగా పనిచేస్తుంది. 42 డిగ్రీల్లో బరువైన పని చెప్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అక్కడ నిశ్శబ్దానికి ధర వేగంతో కడతాం. ఎవరికి ఏది కావాలో వాళ్లు తేల్చుకోవాలి. కోడింగ్, నోట్సు, వీడియో పాఠాలకైతే నేను ఫ్యాన్ లేనిదే మేలంటాను. గంటల తరబడి వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఆ మాట చెప్పను.

దోమ ఎన్ని డెసిబెల్స్?

అంకె సరిగ్గా ఉన్నా అది మొత్తం కథ చెప్పదు. రాత్రి చెవి దగ్గర తిరిగే దోమను తలచుకోండి. మీటరు పెడితే దానికి పెద్ద అంకె రాదు. నిద్ర మాత్రం పోతుంది. వేపచెట్టులో గాలి దానికంటే ఎన్నో రెట్లు పెద్ద శబ్దం, దాని కింద మంచం వేసుకొని పడుకుంటాం. రెండు కంప్యూటర్లు రెండూ 30 చూపించినా ఒకటి వేపచెట్టు కావచ్చు, ఇంకోటి దోమ కావచ్చు.

కారణం ఏమిటంటే, గాలి హోరులో అన్ని స్థాయిల శబ్దాలూ పరుచుకొని ఉంటాయి. కీచుమనే దాంట్లో శక్తంతా ఒకే చోట పోగవుతుంది, చెవి దాన్ని వదలదు. బోర్డు మీది చిన్న తీగచుట్టలు కరెంటు తాకిడికి వణికి కీచుమంటాయి, దాన్నే కాయిల్ వైన్ అంటారు. 7200 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్ సెకనుకు 120 సార్లు గుయ్‌మంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి యూపీఎస్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ 100 దగ్గర జుమ్మంటుంది. ఇలాంటి ఒంటి స్వరాలను విడిగా పట్టి చెప్పే పద్ధతి కూడా ప్రమాణాల్లో ఉంది. ప్రకటనల్లో మాత్రం కనిపించదు.

మీటరు కూడా చెవిని అనుకరించేదే. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మనుషుల మీద పరీక్షించి, చెవికి అన్ని శబ్దాలూ సమానం కాదని గీతలు గీసి చూపించారు. లోతైన శబ్దాలు మనకు తక్కువగా వినిపిస్తాయి. అందుకని మీటర్లో ‘ఏ’ అనే వడపోత పెట్టారు. అది 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ కోసేస్తుంది. అంటే యూపీఎస్ జుమ్మనడం మీటరుకు దాదాపు పట్టదు. రాత్రి పక్క గదిలో పడుకున్న అవ్వకు మాత్రం పడుతుంది, ఎందుకంటే లోతైన శబ్దం గోడలను తేలిగ్గా దాటుతుంది.

ఇది మా ఊరివాళ్లకు కొత్తగా చెప్పాల్సిన విషయం కాదేమో. గద్వాల చీరలు నేసే మగ్గాలున్న ఊరు కోడుమూరు. మగ్గం చప్పుడు పెరిగిందా తగ్గిందా అని కాదు నేతగాడు వినేది. చప్పుడు ‘మారిందా’ అని వింటాడు. మోటారు మెకానిక్కూ అంతే. మీ కంప్యూటర్‌నూ అలాగే వినండి. నిన్నటిదాకా లేని గరగర వినిపిస్తే ఫ్యాన్ బేరింగు అరుగుతోంది. టిక్కుటిక్కుమంటే హార్డ్‌డిస్క్ పోబోతోంది కావచ్చు, ఆ రాత్రే ఫైళ్లు కాపీ చేసుకోండి.

రాత్రి రెండింటికి ఒక ప్రయోగం

కొలవాలంటే ముందు నిశ్శబ్దం కావాలి. వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్ కట్టిన ప్రతిధ్వని లేని గది 2015లో గిన్నిస్ రికార్డుకెక్కింది. అక్కడ నేపథ్య శబ్దం మైనస్ 20 డెసిబెల్స్ కంటే కింద. మనకు అది లేదు, రాత్రి రెండు గంటలుంది.

సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. ఫుల్‌లో పెట్టిన పాత సీలింగ్ ఫ్యాన్ 50 దగ్గరకు పోతుంది, దాని కింద 35 ఉన్న కంప్యూటర్‌ను కొలవడం జాతరలో గుసగుస వినడం లాంటిదే. కొందరు ఇక్కడే నన్ను ఆపి, “మరి ఎలాగూ సీలింగ్ ఫ్యాన్ మింగేస్తుంటే కంప్యూటర్ గొడవెందుకు?” అంటారు. సగం న్యాయమైన మాటే. ఏప్రిల్, మే నెలల్లో నిజంగా మింగేస్తుంది. మిగతా నెలల్లో, తెల్లవారుజామున చదువుకునేటప్పుడు, ఏసీ గదిలో, మింగదు. పైగా మైకు సీలింగ్ ఫ్యాన్ కింద ఉండదు, ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. కరెంటు పోయి సీలింగ్ ఫ్యాన్ ఆగిన క్షణం మీ ల్యాప్‌టాప్ ఇంతసేపూ ఎంత మోత మోస్తోందో మీకే తెలుస్తుంది.

కంప్యూటర్ ఆపేసి ముందు గదిని కొలవండి. తర్వాత ఆన్ చేసి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పావుగంట బరువైన పని చెప్పాక ఒకసారి. రెండు చోట్ల: మీ చెవి ఉండే చోట, మీటరు దూరంలో. అంకె పక్కనే గది ఉష్ణోగ్రత రాయండి. ఇది రాయకపోతే మిగతాదంతా దండగ. గది అంకెకూ కంప్యూటర్ అంకెకూ కనీసం పది తేడా ఉంటే నిశ్చింత. తేడా మూడే ఉంటే? గది 30, కంప్యూటర్ ఆన్ చేశాక 33 అనుకోండి. 33లోంచి 30 తీస్తే మూడు కాదు, 30! గదీ కంప్యూటరూ సమానంగా చప్పుడు చేస్తున్నాయని అర్థం. ఈ ఒక్క తీసివేత అర్థమైతే డెసిబెల్ అర్థమైనట్టే.

ఫోన్ యాప్‌తో అవుతుందా? కొంతవరకు. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఐఫోన్‌కు మంచి యాప్ ఉచితంగా ఇచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మైకులు రకరకాలు, అందుకే ఒక్కో ఫోన్ ఒక్కో అంకె చెప్తుంది. అయినా ఒకే ఫోన్‌ను ఒకే చోట పెట్టి శుభ్రం చేయకముందు, చేశాక కొలిస్తే ఆ తేడా నమ్మదగినదే. చవక మీటర్లు 30 కింద చూపించవు, కాబట్టి ‘30’ అని ఆగిపోతే అది కంప్యూటర్ అంకె కాదు, మీటరు గడప. అసలైన పనికి ప్రమాణం ప్రకారం క్లాస్ 1, క్లాస్ 2 మీటర్లు ఉంటాయి, కొలిచే ముందు 94 డెసిబెల్స్ ఇచ్చే చిన్న పరికరంతో సరిచూస్తారు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి స్పెక్ట్రమ్ చూస్తే ఇంకా మజా. ఏడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 1800 చుట్లు తిరిగితే 210 హెర్ట్జ్ దగ్గర ఓ కొమ్ము లేస్తుంది. ఏ చప్పుడు ఎవరిదో లెక్కతో పట్టుకోవచ్చు. ఇంజినీరింగ్ రెండో ఏడాది ప్రాజెక్టుకు ఇంతకంటే చవకైన, నిజాయితీ అయిన అంశం నాకు తట్టదు. నెట్‌లో కొన్న రెడీమేడ్ ప్రాజెక్టు కంటే వంద రెట్లు మేలు.

ఈ పనికి ఉద్యోగాలున్నాయా?

ఇది కెరీర్ పేజీ కాబట్టి ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఉన్నాయి. వాటి పేరు చాలామంది మెకానికల్ విద్యార్థులు ఫైనలియర్ దాకా వినరు. నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్ అని మూడు మాటలు, పొట్టిగా ఎన్‌వీహెచ్. కార్ల కంపెనీల్లో ఇదొక విభాగం. విద్యుత్ కారులో ఇంజిన్ మోత పోయాక ఇంతకాలం దాని చాటున దాక్కున్న చిన్నచిన్న చప్పుళ్లన్నీ బయటపడ్డాయి, ఈ విభాగానికి పని పెరిగింది. పుణెలోని ఏఆర్ఏఐలో దీనికి ల్యాబు ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్ ఎం.ఎల్. ముంజాల్ సైలెన్సర్ల శాస్త్రం మీద రాసిన పుస్తకం 1987 నుంచి ప్రపంచమంతా చదువుతున్నారు. దేశంలో మైక్రోఫోన్లకు మూల ప్రమాణం ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ దగ్గర ఉంటుంది. మన పక్కనే పెనుకొండలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. విశాఖలో గూగుల్ భారీ డేటా సెంటర్ పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. సర్వర్లలో ఉండే బుల్లి ఫ్యాన్లు నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతాయి. ఆ హాళ్లలో పనిచేసేవాళ్ల చెవుల సంగతి, చుట్టుపక్కల ఇళ్ల సంగతి ఎవరో ఒకరు కొలిచి చెప్పాలి. ఆ చెప్పేవాళ్లు మనవాళ్లు ఎందుకు కాకూడదు?

విశాఖలో చదువుకున్న సి.వి. రామన్‌కు 1930లో నోబెల్ వచ్చింది కాంతి మీద. అంతకుముందు ఏళ్ల తరబడి ఆయన పట్టుకున్నది శబ్దాన్నే. వీణ, మృదంగం, తబలా ఎలా పలుకుతాయో లెక్కలు తీశాడు. ఆయన చేతిలో ఉన్నవాటికంటే మంచి పరికరాలు ఇవాళ మీ ఫోన్‌లో ఉన్నాయి. ఇది ఉపన్యాసంలా ఉందని తెలుసు, అయినా ఉండనివ్వండి.

బడిలో ఇరవై సీపీయూలు

కొనేవాడు ఒక్కడు అడిగితే షాపాయన స్పీకర్లు చూపిస్తాడు. ఒకేసారి ఇరవై కొనేవాళ్లు అడిగితే వింటారు. అందుకే నా అసలు గురి బడుల కంప్యూటర్ ల్యాబుల మీద.

ఒక గదిలో ఒక సీపీయూ వల్ల పిల్లాడి చెవి దగ్గర 35 డెసిబెల్స్ పడుతోందనుకుందాం. పెద్ద అంకె కాదు. అలాంటివి ఇరవై చుట్టూ ఉంటే దాదాపు 13 కలుస్తాయి, 48. మామూలు గొంతుతో మాట్లాడే టీచరమ్మ మీటరు దూరంలో 60 ఉంటే, నాలుగు మీటర్ల అవతల ఆరుబయటి లెక్కన 48. గోడల వల్ల గదిలో కాస్త పెరగొచ్చు, కానీ ఆ గోడలు హోరునూ పెంచుతాయి. అంటే వెనక వరస పిల్లాడికి టీచరమ్మ గొంతూ యంత్రాల హోరూ ఇంచుమించు సమానం. మాట స్పష్టంగా అర్థం కావాలంటే అది హోరు కంటే 15 పైన ఉండాలి. తరగతి గది నేపథ్య శబ్దం 35 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. సాయంత్రానికి గొంతు పోయేది టీచరమ్మకు. “ఎన్నిసార్లు చెప్పాల్రా!” అని తిట్లు పడేది వెనక వరసకు.

ఈ ల్యాబులకు సామాను టెండర్ల ద్వారా, ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్ ద్వారా కొంటారు. ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత, వారంటీ ఎన్నేళ్లు అన్నదానికి గడులు ఉంటాయి. శబ్దానికి కూడా ఓ గడి పెట్టమని జిల్లా విద్యాశాఖను, కాలేజీ యాజమాన్యాలను అడుగుతున్నాను. మొదటి విడతలోనే ఫలానా అంకె దాటితే తిరస్కరిస్తామని అనక్కర్లేదు. అడిగితే చాలు: “గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, పూర్తి లోడు, ముందువైపు 1 మీటరు దూరం. ఏ-వెయిటింగ్‌తో ఎన్ని డెసిబెల్స్?”

మొదటి ఏడాది సగంమంది సప్లయర్లు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. వదలనివ్వండి. ఎవరు వదిలారో కూడా ఆ ఫైల్లోనే ఉంటుంది.